సీనా తరవాత ఆ కుర్చీ ఎవరికివ్వాలి: బ్రాన్ బ్రేకరా, ఓబా ఫెమీయా?

డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ మీద ఈ ప్రశ్న ఆమదాలవలస నుంచి. క్లుప్తంగా ఇదీ: "జాన్ సీనా రిటైరయ్యాడు. రోమన్ రెయిన్స్ ఎప్పుడో పండక్కి వచ్చే చుట్టంలా వస్తాడు. కోడీ రోడ్స్‌కి 40 వచ్చేశాయి. ఇప్పుడు నంబర్ వన్ చెయ్యాల్సింది ఎవర్ని? నేను బ్రాన్ బ్రేకర్ అంటాను, మా బావ ఓబా ఫెమీ అంటాడు. బిర్యానీ పందెం. ఇంకోటి, మనవైపు కుర్రాడెవడైనా ఎప్పటికైనా అక్కడిదాకా వెళ్ళగలడా?"

బిర్యానీ మీ బావగారికే. కాకపోతే ఇప్పుడే కాదు, దానికో రెండేళ్ళ లెక్క ఉంది.

ముందు మనందరి బుర్రల్లో ఉన్న ఒక తప్పు కొలబద్దని పక్కన పెట్టాలి. బడి సంచుల్లో తిరిగిన ట్రంప్ కార్డులు గుర్తున్నాయి కదా: ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. ఎత్తు అడిగితే ఖలీ కార్డు ఉన్నవాడిదే ఆట. రింగులో లెక్క అలా ఉండదు. 7 అడుగుల 1 అంగుళం ఖలీ 2006 ఏప్రిల్‌లో వచ్చీ రావడంతోనే అండర్‌టేకర్‌ని కూల్చాడు, మరుసటి నెలలో పిన్ కూడా చేశాడు, అంటే భుజాలు నేలకానించి మూడు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాడు. 2007 జులైలో అందరూ ఒకేసారి దిగే బ్యాటిల్ రాయల్ గెలిచి వరల్డ్ హెవీవెయిట్ బెల్టు కట్టుకున్నాడు. సెప్టెంబరుకల్లా అది బటిస్టా చేతికి పోయింది. ఆ ఒళ్ళుతో అతను పదేపదే పడి లేవలేడు. పడలేనివాడితో ఆడేటప్పుడు అవతలివాడు చెయ్యగలిగినవి రెండే: దెబ్బలు తినడం, చుట్టూ పరిగెత్తడం. మూడో వారానికి జనానికి కథంతా తెలిసిపోతుంది. ఎత్తు చూసి జనం తల తిప్పుతారు, అంతవరకే దాని పని.

అసలు పని ఏమిటో చెప్పడానికి మన పౌరాణిక నాటకం కన్నా మంచి పోలిక లేదు. తెల్లవార్లూ కుర్రకారు చాపల మీద కూర్చుని కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొడతారంటే, దాని వెనక సగం కష్టం దుర్యోధనుడిది. అతను సభలో సరిగ్గా మండించకపోతే కృష్ణుడి రాగం గాల్లో కలిసిపోతుంది. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే రెజ్లింగ్ మ్యాచ్ అల్లిక కూడా అదే. మొదట హీరో రెండు మూడు నిమిషాలు చెలరేగుతాడు. తరవాత విలన్ ఏదో దొంగదెబ్బ తీసి పైచేయి సాధిస్తాడు, మ్యాచ్‌లో ఎక్కువ భాగం ఇదే. మధ్యలో హీరో రెండుసార్లు లేవబోయి మళ్ళీ పడతాడు. చివరికి లేస్తాడు, ముగింపు. నంబర్ వన్ కావాల్సినవాడిని ఆ పడి ఉన్న నిమిషాల్లో చూడాలి. అతను రింగు మధ్యలో మోకాలు పట్టుకుని ఉన్నప్పుడు జనం ఫోన్లు చూసుకుంటున్నారా, కాళ్ళు నేలకేసి కొడుతున్నారా? కొడుతుంటే అతని మీద డబ్బు పెట్టొచ్చు.

దెబ్బ తగిలినట్టు నమ్మించడాన్ని వాళ్ళు సెల్లింగ్ అంటారు, పడటాన్ని బంప్ అంటారు. రింగు కింద పరుపేమీ ఉండదు. 20 అడుగుల చదరం. ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, ఆ పైన బిగించిన కాన్వాస్ గుడ్డ. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు పైభాగం మొత్తం ఒకేసారి తగలాలి, రెండు అరచేతులూ పక్కలకి చాచి చప్పుడయ్యేలా కొట్టాలి, ఊపిరి వదిలెయ్యాలి. గడ్డం ఒక్క అంగుళం ఎత్తితే తల వెనక భాగం చెక్కకి కొట్టుకుంటుంది. మోచెయ్యి ముందు ఆనిస్తే భుజం పోతుంది. ఒక్కసారి పడటానికి ఎవడైనా పడతాడు. ఏడాది పొడుగునా, ఊరు మారుతూ, వారానికి రెండు మూడు రాత్రులు పడాలి. 140 కిలోల మనిషికి ఇది ఇంకా ఖరీదైన వ్యవహారం. పెద్ద ఒళ్ళున్నవాడిని పైకి తీసుకెళ్ళాలంటే అతని బంపుల్ని పొదుపుగా, దాచుకున్న డబ్బులా ఖర్చు పెట్టించాలి.

ఇక మీ ఇద్దరి మనుషుల దగ్గరికి వద్దాం.

బ్రాన్ బ్రేకర్‌లో తక్కువేం లేదు. తండ్రి రిక్ స్టైనర్, బాబాయి స్కాట్ స్టైనర్. ఫుట్‌బాల్ నుంచి వచ్చిన ఒళ్ళు. డబ్ల్యూడబ్ల్యూఈలో కొత్తవాళ్ళు పైకొచ్చే షో ఎన్ఎక్స్‌టీ, అందులో 2022లో రెండుసార్లు ఛాంపియన్. 2024లో సమ్మర్‌స్లామ్ అనే పెద్ద షోలో సామీ జేన్ మీద రెండో మెట్టు బెల్టు ఇంటర్‌కాంటినెంటల్ గెలిచాడు. తాళ్ళ మధ్య ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పరిగెత్తి వచ్చి కొట్టే ఆ స్పియర్ చూస్తే టీవీ ముందు కూర్చున్నవాడు కూడా వెనక్కి జరుగుతాడు. నాకున్న అభ్యంతరం ఆ స్పియర్ దగ్గరే మొదలవుతుంది. అది గోల్డ్‌బర్గ్‌ది, ఎడ్జ్‌ది, రోమన్‌ది. జనం దాన్ని చూడగానే ఇంకొకడు గుర్తొస్తాడు. నంబర్ వన్ ముగింపు దెబ్బ చూస్తే అతనొక్కడే గుర్తు రావాలి. రెండోది, దాన్ని సరిగ్గా వెయ్యాలంటే భుజం అవతలివాడి కడుపు దగ్గర తగలాలి, తల నడుము పక్కకి జారిపోవాలి, తగిలే క్షణానికి అవతలివాడు వెనక్కి చిన్న గెంతు వెయ్యాలి. ముగ్గురూ కుదిరితేనే అది క్షేమం: కొట్టేవాడు, తినేవాడు, అదృష్టం. బ్రాన్ వేగంలో అర సెకను తేడా వస్తే ఒకడి పక్కటెముకలు పోతాయి, లేదా ఇంకొకడి మెడ పోతుంది. ఏడాదికి ఒకట్రెండు పెద్ద రాత్రులకైతే సరే. ప్రతి వారం చెయ్యమంటే అది ఎక్కువ కాలం నిలిచే సరుకు కాదు.

మూడోదే అసలు అడ్డంకి, మాట. 2025లో అతని పక్కన, అతని తరఫున మాట్లాడటానికి పాల్ హేమన్‌ని నిలబెట్టారు. బ్రాక్ లెస్నర్‌కి అదే పద్ధతి నడిచింది. కానీ లెస్నర్ అప్పుడప్పుడు వచ్చి వెళ్ళే మనిషి. వారం వారం బండి లాగాల్సినవాడు ఎప్పుడో ఒకప్పుడు ఒంటరిగా మైకు పట్టుకుని, ఎదటి వాడిని ఎందుకు కొట్టాలో పది నిమిషాలు జనానికి చెప్పాలి. సీనాని నిలబెట్టింది కండ కాదు, నోరు. 2002 జూన్‌లో కర్ట్ యాంగిల్ మీద మొదటి మ్యాచ్. బాగానే ఆడాడు, కొన్ని నెలల్లోనే జనం మరిచిపోయారు. ఆ ఏడాది హాలోవీన్ రాత్రి ర్యాప్ వేషం కట్టాడు, అక్కడి నుంచి దారి మారింది. 2005 ఏప్రిల్‌లో, ఏడాదికోసారి జరిగే అతిపెద్ద షో రెజిల్‌మేనియా 21లో మొదటి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్.

ఈ నెలల లెక్క కాస్త పట్టుకోండి, తరవాత పనికొస్తుంది. సీనాకి జనం తల తిప్పినప్పటి నుంచి టైటిల్ దాకా సుమారు 30 నెలలు. స్టీవ్ ఆస్టిన్ 1996 జూన్‌లో కింగ్ ఆఫ్ ది రింగ్ టోర్నీ గెలిచి, 1998 మార్చిలో టైటిల్ కొట్టాడు, 21 నెలలు. కోడీ 2022 ఏప్రిల్‌లో తిరిగొచ్చి 2024 ఏప్రిల్ 7న రోమన్‌ని దించాడు, 24 నెలలు. అన్నం ఉడకడానికి పట్టే టైము ఇది. ఇప్పుడు పంజాబీ మూలాలున్న జిందర్ మహల్‌ని చూడండి. ఏళ్ళ తరబడి ఓడిపోతూ వచ్చిన మనిషి. 2017 ఏప్రిల్ 18న పోటీదారు అన్నారు, మే 21న రాండీ ఆర్టన్ మీద గెలిపించి ఛాంపియన్ చేసేశారు. 33 రోజులు. లెక్క మనమీదే, మన దేశం మార్కెట్ మీద. నవంబర్ 7న ఏజే స్టైల్స్ ఆ బెల్టు తీసేసుకున్నాడు, డిసెంబరులో ఢిల్లీలో, మన జనం ముందే, ట్రిపుల్ హెచ్ చేతిలో పిన్ అయ్యాడు. జిందర్ కష్టపడలేదని ఎవరూ అనలేరు. నిన్నటిదాకా అందరి చేతా తన్నులు తిన్నవాడు ఇవాళ ఎందుకు గెలుస్తున్నాడో జనానికి ఎవరూ చెప్పలేదు, అదీ లోపం.

ఓబా ఫెమీ నైజీరియా కుర్రాడు, 6 అడుగుల 6 అంగుళాలు. అమెరికాలో కాలేజీ రోజుల్లో షాట్‌పుట్ వీరుడు. షాట్‌పుట్ అన్న మాట దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే నా ఓటు సగం దానికే. మగాళ్ళ గుండు 7.26 కిలోలు. విసిరేది 2.135 మీటర్ల వలయంలో నిలబడి. కాళ్ళలోంచి, నడుములోంచి బలం మొత్తం ఒక్క తృటిలో తన్నుకొచ్చి వేళ్ళ చివరికి చేరాలి, ఆ వెంటనే మనిషి ఆగిపోవాలి. వలయం దాటి అడుగు పడితే ఫౌల్, విసురు లెక్కలోకే రాదు. బలం చూపించడం ఒకటి, చూపించిన మరుక్షణం దాన్ని ఆపుకోవడం ఇంకొకటి. రింగులో ఎదటి వాడి మెడని కాపాడేది ఈ రెండోదే. అతని ముగింపు దెబ్బ ఫాల్ ఫ్రమ్ గ్రేస్ చూడండి. ఎదటి వాడిని గాల్లోకి ఎగరేసి, అక్కడే పట్టుకుని, పవర్‌బాంబ్‌గా, అంటే వీపు నేలకి తగిలేలా దించుతాడు. అందులో ఎగరడం సగం అవతలివాడి పనే. కానీ పైన తొడల దగ్గర అందుకోవడం, దించేటప్పుడు వీపు సమంగా పడేదాకా పట్టు వదలకపోవడం ఓబా పని. తొందరపడి వదిలితే భుజాల కన్నా ముందు తల తగులుతుంది. ఈ పనిలో అతని చేతులు కంగారు పడవు.

రికార్డు కూడా పద్ధతిగా పెరిగింది. 2024 జనవరిలో ఎన్ఎక్స్‌టీ నార్త్ అమెరికన్ టైటిల్, 273 రోజులు ఉంచుకున్నాడు. 2025 జనవరి 7న ఎన్ఎక్స్‌టీ పెద్ద బెల్టు. 2025 డిసెంబర్ 13, వాషింగ్టన్‌లో సీనా ఆఖరి మ్యాచ్ జరిగిన రాత్రే, అదే రింగులో కోడీకి ఎదురుగా ఓబాని నిలబెట్టారు. డ్రూ మెకింటైర్ మధ్యలో దూరి చెడగొట్టాడు, ఎవరూ ఎవరినీ పిన్ చెయ్యలేదు. చాలామంది దానికి తిట్టుకున్నారు. నాకైతే అది సరైన ముగింపే అనిపిస్తుంది. కుర్రాడు ఓడలేదు, ఛాంపియన్ పరువూ పోలేదు, ఇద్దరి లెక్కా మిగిలే ఉంది.

అతన్ని పైకి తీసుకెళ్ళడం నా చేతిలో ఉంటే ఇలా చేస్తాను. మొదటి నాలుగు నెలలు మ్యాచ్ ఏదీ 6 నిమిషాలు దాటనివ్వను. మైకు ఇచ్చినా రెండు మూడు వాక్యాలే, అదీ అతని సొంత మాటల్లో. ఆ గొంతుకి రాసిచ్చిన జోకులు అతకవు. ఏ బెల్టూ వద్దు, జంట మ్యాచ్‌లు అసలే వద్దు. ఐదో నెలలో సామీ జేన్‌ని ఎదురు పెడతాను. సామీ చిన్నవాడు, కానీ పెద్దవాడితో ఆడుతూ జనం చేత కన్నీళ్ళు పెట్టించడం అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. 666 రోజులు ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు ఉంచుకున్న గుంథర్‌ని 2024 రెజిల్‌మేనియాలో దించింది అతనే. 15 నిమిషాల మ్యాచ్ ఎలా నడపాలో ఓబా అక్కడ నేర్చుకుంటాడు.

ఆ తరవాత మొదటి ఓటమి. ఇది అందరూ వాయిదా వేసే పని, అందుకే అందరూ పాడు చేసే పని. గోల్డ్‌బర్గ్‌ని 1997, 98ల్లో ఓటమన్నదే లేకుండా నడిపారు. 1998 డిసెంబర్ 27న కెవిన్ నాష్ చేతిలో ఓడించారు, మధ్యలో కరెంటు షాకిచ్చే గన్ను వాడి. మర్నాడు ఏం చెయ్యాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. గెలుపుల లెక్కే సొమ్మనుకున్నారు, ఆ లెక్క పోగానే జేబు ఖాళీ. ఓబాని ఓడించేటప్పుడు అతనిలో లోపం ఒకటి బయటపడేలా ఓడించాలి. ఉదాహరణకి, మోకాలి మీద 20 నిమిషాలు పని చేసి లొంగదీయాలి. అప్పుడు తరవాతి ఆరు నెలలకి కథ దానంతటదే దొరుకుతుంది.

అప్పుడు గుంథర్. సీనాని ఆఖరి రాత్రి ట్యాప్ చేయించిన, అంటే చేత్తో తట్టి లొంగిపోయేలా చేసిన మనిషి. ఆ గెలుపు విలువ గుంథర్ దగ్గర దాచి ఉంది, దాన్ని ఎవరి పేరు మీద రాస్తారన్నదే ఇప్పుడు కంపెనీ ముందున్న పెద్ద ప్రశ్న. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మాను చివర అంత ఎత్తున ఊగే పూజారిగారిని అందరూ చూస్తారు. కింద ఆ మానుని మోస్తున్న బండినీ, మొదట్లో తాళ్ళు పట్టిన చేతుల్నీ చూసేవాళ్ళు తక్కువ. గుంథర్ ఆ బండి. ఛాతీ మీద అరచేత్తో కొట్టే అతని చాప్ నటన కాదు, చర్మం ఎర్రగా కందిపోవడం టీవీలోనే కనిపిస్తుంది. 25 నిమిషాలు ఆ చాప్‌లు తిని ఓబా లేస్తే అప్పుడిక టైటిల్ లాంఛనమే. మొత్తం మీద 20 నుంచి 24 నెలలు.

చెడే దారులు కూడా చెప్పాలి. జనం అడగకముందే వడ్డిస్తే కక్కేస్తారు. 2015 జనవరిలో ఫిలడెల్ఫియాలో రోమన్ చేత 30 మంది దిగే రాయల్ రంబుల్ గెలిపించారు. చెయ్యెత్తడానికి సాక్షాత్తు రాక్ వచ్చాడు, అయినా హాలంతా వెక్కిరింపులే. అదే రోమన్ 2020లో విలన్ అయ్యాక 1,316 రోజులు బెల్టు వదల్లేదు, జనం చెల్లించి మరీ తిట్టారు. కాబట్టి ఓబాకి వెక్కిరింపులు మొదలైతే వాటితో కొట్లాడకూడదు, వెంటనే విలన్ చేసెయ్యాలి. ఆ ముఖానికి అది కూడా నప్పుతుంది.

మీరిద్దరూ మర్చిపోయిన పేరు ఒకటుంది, డొమినిక్ మిస్టీరియో. 2005లో తండ్రి రే, ఎడ్డీ గెరేరో నిచ్చెన మ్యాచ్‌లో ఎవరి దగ్గర పెరగాలో పందెం కాసిన ఆ చిన్న గుంటడే. 2022లో తండ్రికే ఎదురు తిరిగాడు. ఆ మరుసటి ఏడాది మైకు తీస్తే చాలు, అరుపుల్లో ఒక్క ముక్క వినబడేది కాదు. 2025 రెజిల్‌మేనియాలో ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచేసరికి అదే జనం ఎగిరి గంతేశారు. ఆ మ్యాచ్‌లో బెల్టు పోగొట్టుకున్నది బ్రాన్! ఒళ్ళు చిన్నది, నిజమే. కానీ మూడేళ్ళుగా అతని విషయంలో జనం ఎటూ పట్టకుండా ఉన్న రాత్రి ఒక్కటి లేదు. ఓబాకి దెబ్బ తగిలితే నా రెండో ఓటు ఇతనికే, బ్రాన్‌కి కాదు. పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూ వైపు ఎంజేఎఫ్ మాటకారి, 406 రోజుల ఛాంపియన్. విల్ ఆస్ప్రే ఆటకి వంక పెట్టలేం, 2025లో మెడ మొరాయించింది. ఆడవాళ్ళలో రియా రిప్లీకి ఆ స్థాయి ఎప్పుడో వచ్చేసింది, కొత్తగా ఎవర్ని వెతకనక్కర్లేదు.

ఇక మనవైపు సంగతి. వందేళ్ళ కిందటే ఈ పని చేసి చూపించినవాడు మన వీరఘట్టం వాడే, ఆ ఊరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కోడి రామమూర్తి నాయుడు. ఛాతీకి బిగించిన గొలుసుని ఊపిరి పీల్చి తెంపేవాడు, ఏనుగుని ఛాతీ మీదకి ఎక్కించుకునేవాడు, ముందుకి పోతున్న కార్లని గుంజి ఆపేవాడు. గమనించండి, ఇందులో ఏదీ బరువెంతో కాగితం మీద రాసి చూపించేది కాదు. టికెట్ కొన్నవాడు ఆఖరి వరసలో కూర్చున్నా కళ్ళారా చూసేది. సర్కస్ డేరా కట్టి ఊరూరా తిప్పాడు, కలియుగ భీముడన్న పేరు పక్కన నిలబెట్టుకున్నాడు. బలం, వేషం, పేరు, అరుపు: టాప్ స్టార్ అంటే ఈ నాలుగే.

ఇప్పటి కుర్రాళ్ళకి దారి లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. వెయిట్‌లిఫ్టింగ్ ఈ పనికి మంచి పునాది, షాట్‌పుట్‌కి చెప్పిన కారణమే దీనికీ. కవితా దేవి 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ బంగారంతో, జలంధర్‌లో ఖలీ అకాడమీ శిక్షణతో డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళింది. రింకూ సింగ్ జావెలిన్ నుంచి బేస్‌బాల్‌కీ, అక్కడి నుంచి 2018లో రింగుకీ వెళ్ళాడు. అందరిదీ ఒకే క్రమం: ముందు ఏదో ఒక అసలు ఆటలో పేరు, తరవాత కుస్తీ. కనక 20 ఏళ్ళలోపు కుర్రాడైతే ముందు రాష్ట్రస్థాయి పతకం దాకా ఒక ఆట పట్టుకోవాలి. ఆ పైన శిక్షణలో మొదటి ఆరు నెలలు పడటం, దొర్లడం, తాళ్ళ మీద పరిగెత్తడం మాత్రమే. దాంతో పాటు హిందీ, ఇంగ్లీషుల్లో అద్దం ముందు రోజుకి పది నిమిషాలు మాట్లాడటం. మనవాళ్ళు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కండ దగ్గర కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. కళింగపట్నం బీచ్‌లో ఇసక మెత్తగా ఉంటుందని పవర్‌బాంబులు వెయ్యకండి. అల తడిపిన ఇసక సిమెంటు గచ్చుతో సమానం. చెక్కల రింగులో కాస్తయినా సాగే గుణం ఉంటుంది, తడి ఇసకలో అదీ ఉండదు. మెడలో వెన్ను దెబ్బతింటే రాగోలు ఆస్పత్రికి తీసుకెళ్ళినా, విశాఖ తీసుకెళ్ళినా మళ్ళీ మొదటిలా చెయ్యలేరు.

పందెం ఎలా తేల్చుకోవాలంటారా? మామూలుగా డబ్ల్యూడబ్ల్యూఈ వారపు షో 'రా' మనకి మంగళవారం పొద్దున్నే వస్తుంది, అమెరికా వేసవి టైములో ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. నెట్‌ఫ్లిక్స్‌లో తరవాతైనా చూసుకోవచ్చు. బ్రాన్‌ది ఒక మ్యాచ్, ఓబాది ఒక మ్యాచ్ పెట్టుకుని, వ్యాఖ్యాతల మాట చెవిన పడకుండా సౌండు తగ్గించి, ఇద్దరూ కలిసి చూడండి. మొదటిసారి వాళ్ళని చూడకండి, ఎదటి వాడిని చూడండి: అతను నమ్మకంగా ఒళ్ళు అప్పగిస్తున్నాడా, బిగుసుకుపోతున్నాడా? రెండోసారి ముందు వరసలో ఉన్న పిల్లల్ని చూడండి, చేతులు ఎప్పుడు లేస్తున్నాయో, ముగింపు దెబ్బకి ముందా, తరవాతా? మూడోసారి సౌండు పెంచి, మనవాడు కింద పడి ఉన్నప్పుడు హాలు కాళ్ళు నేలకేసి కొడుతోందో, ఊరికే ఉందో వినండి. అప్పటికీ మీకు బ్రానే అనిపిస్తే బిర్యానీ సగం సగం.